సగం గాలి పిలుపులకే

మా కంపెనీ వైస్ ప్రెసిడెంట్ ఇంద్రకరణ్ సార్ మా మెదక్ ఆఫీసుకు మొదటిసారి వచ్చిన దినం తెల్ల బూట్లు ఏసుకొచ్చిండు. వానకాలం, గేటు ముంగట అంత బురద. కారు అద్దం జరంత దించి, "ఇక్కడ ఎవరైనా ఒక చెక్క వేయండయ్యా" అన్నడు. ఆయన పుట్టింది నర్సాపూర్ పక్కపొంటి పల్లెలనే. గాడ వాళ్ల భూములల్ల జీతగాండ్లు పొద్దంత గిసొంటి బురదలనే నిలవడి నాట్లేసిన్రు. గని ఆయన పట్నంల చదివి, పుస్తకాల తెలుగు నేర్చుకొని, మన మాట ఇనవడితే ముక్కు ముడుసుకునే మనిషి అయిండు. మీటింగులల్ల మాత్రం మెడల కండువ ఏసుకొని "మన తెలంగాణ, మన బతుకు" అంటడు. కండువ కారుల సీటు వెనుక ఎప్పుడు మడత మీదనే ఉంటది.

చెక్క ఏసింది నేనే. నా పేరు రాజేందర్. దక్కన్ తరంగ్ అనే కంపెనీకి మెదక్ టవర్ మీద సూపర్‌వైజర్‌గ చేస్తుంటి. 2011ల ముచ్చట ఇది. తీగ లేకుంట ఇంటర్నెట్టు, ఫోను రెండూ ఇచ్చే టవర్ అది. పెద్ద పట్నాలల్ల అమ్మే ముందు ఈడ ట్రయల్ షురూ చేసిన్రు. మెదక్ దుకాన్లల్ల, పాపన్నపేట దిక్కు మంజీర ఒడ్డు ఊర్లల్ల టేబుల్ మీద పెట్టుకునే ఫోను సెట్లు పైస తీసుకోకుంట ఫుకట్‌గ ఇచ్చినం. మాట్లాడుడు సుత ఫుకటే.

ఆ దినం ఫంక్షన్ హాల్‌ల షో. స్టేజీ మీద ఒక్క లాప్‌టాప్ పెట్టి, పెద్ద తెర మీద ఒక జలపాతం వీడియో ఆడిచ్చిండు సార్. ఎక్కడ ఆగకుంట నడిచింది. లీడర్లు చప్పట్లు కొట్టిన్రు. "మెదక్ ఇవాళ సింగపూర్‌తో సమానం" అన్నడు సార్. జలపాతం సూసి సింగపూర్ అయిందనుకునే మనిషిని నేను గప్పుడే మొదలు సూసిన.

షో అయినంక మమత ఆయన దగ్గరికి పోయింది. మమత మెదక్ పిల్లనే. వాళ్ల నాయిన ఈడ కట్టెల అడితిల పనిచేసెటోడు. ఇంజినీరింగ్ చదివి, కంపెనీల టవర్ సాఫ్ట్‌వేర్ రాసే పనిల ఉన్నది. ఏ సెట్టుకు ఎప్పుడు ఎంత తావు ఇయ్యాలెనో టవర్‌కు చెప్పే లెక్క అంత ఆమెదే.

"సార్, ఒక్క లాప్‌టాప్ కాబట్టి గిట్ల నడిచింది. ఊర్లల్ల సెట్లన్నిట్ల ఒక్కసారి మాట్లాడితే కాల్స్ తెగుతయ్. ల్యాబుల సూసిన. జర టైమ్ ఇస్తే సరిచేస్త."

సార్ ఆమెను కిందికి మీదికి సూసిండు. "నువ్వు ఇక్కడి అమ్మాయివే కదా? అందుకే చిన్నగా ఆలోచిస్తున్నావు. ఈ ఊళ్లలో జనం మాట్లాడుకోవడానికి ఏముంటుంది? వరి, గేదె, పక్కింటి గొడవ. మనం అమ్మేది స్పీడ్. అర్థమైందా?"

మమత మర్లి నడిచింది. బయటికి వచ్చినంక నాతోని అన్నది, "అన్నా, ఈయనకు టవర్ అంటే పొడుగు ఇనుము అనే తెలుసు. అంతకంటె ఎక్కువ తెలుస్తదని ఆశ వడుడు నాదే తప్పు."

నెలలు గడిచి తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, బొగ్గు బాయిలు బంద్. కరెంటు గంటలకొద్ది పోవుడు షురూ అయింది. డీజిల్ దొరకక పెద్ద కంపెనీల టవర్లు సుత ఆగిపోయినయ్, సెల్‌ఫోన్లు మూగవడ్డయ్. మా టవర్ మీద సోలార్ పలకలు ఉండె, సెట్లల్ల బ్యాటరీ ఉండె. ఇంకేమున్నది, ఊరంత వచ్చి మా సెట్ల ముంగటనే నిలవడ్డరు. ఆటో కావాలన్నా మా సెట్టే, దవాఖానల ఉన్నోళ్ల మంచి చెడ్డ అడగాలన్నా మా సెట్టే, రేపు ధర్నా ఎక్కడ్నో తెలువాలన్నా మా సెట్టే.

మమత చెప్పినట్టే అయింది. మాటలు ముక్కలు ముక్కలు అయినయ్. "హలో" అన్నది చేరేది, ఎనుక మాట చేరకపోయేది.

పాపన్నపేట అవతల ఒక ఊర్ల ఐలవ్వ అని ఉండె. చిన్న కిరాణం దుకాణం. మా సెట్టు ఆమె దుకాన్లనే పెట్టినం. ఒక మాపటీల్ల ఆమె పెనిమిటి ఎల్లంను పొలం గట్టు మీద పాము కరిచింది. అంబులెన్సు ఇంకో దిక్కు పోయి ఉండె. ఐలవ్వ మా సెట్టుతోని, మెదక్ ఆటో అడ్డ కాడి దుకాన్ల ఉన్న సెట్టుకు కలిపి ఆటో బిక్షపతితోని మాట్లాడింది. బిక్షపతికి ఊరి పేరుల చివర "పేట" అన్న ముక్క ఒక్కటే ఇనవడ్డది. మా దిక్కు పేట లేని ఊరు ఏదున్నది? పాపం, ఆటో తోలుకొని ఇంకో పేటకు పోయిండు. ఆడ ఎవలను పాము కరువలే. మల్ల మర్లి వచ్చేవరకు ఎల్లం కాలు కుండ లెక్క ఉబ్బింది.

ప్రాణం దక్కింది గని కాలి ఏళ్లు రెండు తీసేసిన్రు.

మమత, నేను దవాఖానకు పోయినం. ఐలవ్వ మంచం పక్కన కింద కూసున్నది. మమతను సూసి లేవలే.

"ఏం ఫోను ఇచ్చిన్రు బిడ్డా నాకు? ఊరి పేరు ఒర్లి ఒర్లి చెప్పిన. పాముకు సుత ఇనవడ్డది గని ఆటోవోనికి ఇనవడలే."

మమత ఆమె పక్కన కింద కూసున్నది.  బయటికి వచ్చి చాయ్ బండి కాడ నిలవడ్డంక నేనే అడిగిన, "అసలు ఏమైతున్నది మేడం? వీడియో గంత మంచిగ నడిచె. మాట ఎందుకు నడవది? మాట అంటే అండ్ల పిసరంత గదా?"

"పిసరంత కాబట్టే అన్నా లొల్లి," అన్నది. "మన టవర్ గాలిని సన్న సన్న పాయలు చేసి సెట్లకు పంచుతది. రెప్ప కొట్టేలోపట ఎన్నోసార్లు పంచుతది. పంచే ముంగట ప్రతిసారి చాటింపు ఏస్తది. ఐలవ్వ సెట్టూ, నీకు గీ పాయ. బిక్షపతి సెట్టూ, నీకు గా పాయ అని. గా చాటింపు అందరికంటె దూరం ఉన్న సెట్టుకు సుత సమజ్ కావాలె గదా, గందుకే నిమ్మళంగ, చెప్పిందే చెప్పుకుంట ఏస్తది. మస్తు తావు తింటది. వీడియో అంటే ఒక్క పిలుపుకు బండెడు సరుకు. మాట అంటే చిటికెడు సరుకు, చిటికె చిటికెకు మల్ల పిలుపు. బంతిల కూసున్నోళ్లను ముద్ద ముద్దకు పేరు పెట్టి పిలిస్తే వడ్డించేది ఎప్పుడు? సగం గాలి పిలుపులకే పోతున్నది."

"మరి ఎట్ల?"

"మాట ఒక తాళం మీద వస్తది. ఎప్పుడు వస్తదో ముందే ఎరుక. గందుకని ఒక్కసారి చెప్పాలె, గీ తావు నీదే, నేను మార్చేదాక వాడుకో అని. మల్ల పిలువొద్దు. ఏదన్న మారినప్పుడే చెప్పాలె. ఇంకోటి, టవర్ దగ్గరున్న సెట్లకు నిమ్మళంగ చెప్పే పని లేదు. వాటిని ఒక జట్టు చేసి జల్ది చెప్తే సాలు. దూరమోళ్లకే నిమ్మళంగ చెప్పుకోవచ్చు."

ఆ దినమే ఆఫీసుకు పోయి సార్‌కు ఫోన్ కలిపింది. నేను పక్కనే ఉన్న. ఎల్లం సంగతి చెప్పింది, చేయవల్సిన పని చెప్పింది.

అవతల సార్ నవ్విండు. "ఒక పాము కోసం డిజైన్ మొత్తం మారుస్తామా మమతా? అసలు వాళ్లు అంతసేపు ఏం మాట్లాడుతున్నారు? ప్రతి కాల్ రెండు నిమిషాలకు కట్ చేసెయ్. ఇంకొక మాట. హైదరాబాద్‌లో నా ఆఫీసు గోడ మీద పెద్ద స్క్రీన్ పెట్టించాను. ప్రతి సెట్టు క్షణానికొకసారి 'నేనున్నాను' అని చెప్పాలి. చెబితే పచ్చ చుక్క, చెప్పకపోతే ఎర్ర చుక్క. కంట్రోల్ అంటే అదీ."

"సార్, గా చెప్పుడుకు సుత తావు కావాలె. ప్రతి సెట్టు చెప్పాలంటే ప్రతి సెట్టును మల్ల పిలువాలె. ఉన్న గాలి సుత పోతది."

"ముందు తెలుగు సరిగా మాట్లాడటం నేర్చుకో," అని ఫోన్ పెట్టేసిండు.

హైదరాబాద్ నుంచే ఎవలతోనో ఆ చుక్కల పని చేపిచ్చిండు. ఆ దినం నుంచి మా సెట్లు ఆకలైన కోడిపిల్లల లెక్క ఒక్కతీరుగ "ఉన్న, ఉన్న, ఉన్న" అని ఒర్లుడు షురూ చేసినయ్. మనుషుల మాటలకు మిగిలిన గింత తావు సుత పాయె. సార్ గోడ మాత్రం పచ్చగ మెరిసింది. దాని ముంగట నిలవడి ఫోటో దిగి అందరికి పంపిండు. మనిషి నోరు పలకనీయని ఫోన్లను సూసి మురిసే దొరను దేవుడు తీరిగ్గ కూసుండి చేసిండనిపిచ్చింది నాకు.

మమత ఆయనకు ఎదురు చెప్పుడు మానేసింది. "కోపం సుత దండుగే అన్నా ఆయన మీద," అన్నది. కంపెనీ ఆఫీసుల లాప్‌టాప్ ముంగట కూసున్నది. టవర్ సాఫ్ట్‌వేర్ మాదే, సెట్లు మావే. గందుకే రెండు దిక్కులా మార్చెటందుకు ఆమెకు వీలైంది.

మొదటి సారి మార్పు పెట్టిన దినం పొద్దుగాల మాటలు గంట కొట్టినట్టు వచ్చినయ్. నేను మురిసిన. పగటీల్లకు అంత ఆగమైంది. ఇద్దరిద్దరి కాల్స్ జోడుగ తెగుడు షురూ అయినయ్. ఊర్లల్ల నుంచి తిట్లు. సార్‌కు గా సంగతి తెలిసి, కంపెనీల అందరికి పోయేటట్టు ఒక మెయిల్ కొట్టిండు: "పల్లెటూరి ప్రయోగాలకు ఇది వ్యవసాయ క్షేత్రం కాదు." దాన్ని సదివి హైదరాబాద్ ఆఫీసుల కొందరు నవ్విన్రట. వాళ్ల తాతలందరు విమానాలల్ల పుట్టినట్టు.

మమత ఆ మెయిల్ ఒక్కసారి సూసి బంద్ చేసింది. ఎంబడే పనిల వడ్డది. మెదక్‌ల ఒక సెట్టు, ఊర్ల ఒక సెట్టు పెట్టి నాతోని మాట్లాడిపిచ్చుకుంట, టవర్ల ఏమైతున్నదో సూసుకుంట కూసున్నది. ఆఖరికి దొరికింది.

"అన్నా, తావు మార్చినప్పుడు టవర్ చెప్తున్నది గని సెట్టు ఇంటలేదు," అన్నది. "ఒక్కోసారి గాలిల ఆ మాట పోతున్నది. సెట్టేమో పాత తావులనే మాట్లాడుతున్నది. టవరేమో అదే తావు ఇంకొకలకు ఇచ్చింది. ఇద్దరు ఒక్క కుర్చీల కూసున్నట్టు అయితున్నది. ఇద్దరి మాట పోతున్నది."

"మరి మల్ల పాత తీర్గనే ప్రతిసారి పిలువాల్నా?"

"అవసరం లేదు. ఇన్న అని సెట్టు బదులు చెప్పేదాక ఆ తావు ఎవలకు ఇయ్యొద్దు. జరసేపు ఖాళీగ ఉంటే ఏం నష్టం లేదు. ఇగ అప్పుడప్పుడు మాత్రం మొత్తం పంపకం ఒక్కసారి అందరికి ఇనిపియ్యాలె, ఎవలన్న తప్పిపోతే మల్ల సర్దుకుంటరు. తప్పు నాదే అన్నా. చెప్పిన అనుకున్న, ఇన్నరా లేదా సూడలే."

గట్ల మార్చింది. సార్ చుక్కల కథ సుత మార్చింది. క్షణం క్షణం చెప్పుడు తీసేసి, సెట్టుకు ఏదన్న లొల్లి అయితేనే చెప్పాలె అని పెట్టింది. గీ సంగతి సార్‌కు రాసింది. ఆయన సదువలే. ఫోటో దిగినంక ఆ గోడ దిక్కు సుత సూడనట్టే ఉన్నది. ఆయన తన మెయిళ్లు తప్ప ఇంకొకలయి సదివినట్టు నాకు యాదికి లేదు.

ఆ దినం నుంచి మా సెట్లు మారిపోయినయ్. అన్ని ఊర్లు ఒక్కసారి మాట్లాడినా మాట తెగలే. సమ్మె ఆగిపోయి బస్సులు తిరుగుడు మొదలైనంక సుత జనం ఆ సెట్లను ఇడువలే. ఐలవ్వ నాకు ఫోన్ చేసి, "రాజేందరూ, నీ ఫోనుకు ఇప్పుడు గొంతు వచ్చింది బిడ్డా. కొన్ని దినాల ముందు వస్తే మా ఆయిన కాలి ఏళ్లు ఉంటుండె" అన్నది. రెండు నిమిషాలకు కాల్ కట్ చెయ్యుమన్న సార్ ముచ్చట గప్పుడే ఆమెకు చెప్పిన.

గప్పుడే కంపెనీని అమ్ముతరని ముచ్చట వచ్చింది. కొనెటందుకు బెంగుళూరు నుంచి సువర్ణ అనే ఆమె సూడ వచ్చింది. నెరిసిన జుట్టు, నూలు చీర, చేతిల ఒక చిన్న సంచి. ఇంద్రకరణ్ సార్ ఆమెను కారుల మెదక్ తీసుకొచ్చిండు. ముందే చెప్పి, హైదరాబాద్ గోడ మీది చుక్కలు ఈడ సూపెట్టెటందుకు పెద్ద టీవీ తెప్పిచ్చిండు. ఆఫీసుల కుర్చీలేసి, సమోసాలు పెట్టి, టీవీ ఆన్ చేసినం.

తెర నిండ ఎర్ర చుక్కలే. ఒక్క పచ్చది లేదు.

సార్ మొకం చుక్కల కంటె ఎర్రగ అయింది. "ఏమిటిది? మొత్తం నెట్‌వర్క్ చచ్చిపోయింది! మమతా, వాట్ హావ్ యూ డన్?"

"సావలే సార్," అన్నది మమత. "ఉన్న, ఉన్న అని ఊకె చెప్పుడు బంద్ చేసినయ్. పనిల ఉన్నయ్. మీకు రాసిన."

"పనిలో ఉన్నాయట! కళ్ల ముందు ఎర్రగా కనబడుతుంటే!"

సువర్ణ గారు సమోసా పక్కన పెట్టింది. "గొడవెందుకండీ? ఒక ఊరికి ఫోన్ చేసి చూద్దాం," అన్నది.

నేను ఐలవ్వ సెట్టుకు కలిపి స్పీకర్ పెట్టిన. ఒక్క రింగుకే ఎత్తింది. "ఎవలూ?" దుకాన్ల తక్కెడ పళ్లెం కొట్టుకునే సప్పుడు సుత ఇనవడ్డది.

సార్ గొంతు సవరించుకున్నడు. "అమ్మా, నేను కంపెనీ వైస్ ప్రెసిడెంట్ ఇంద్రకరణ్‌ని. మా సేవలు మీకు ఎలా ఉన్నాయి?"

"ఏ ఊరి కరణం?"

"కరణం కాదమ్మా, ఇంద్రకరణ్. వైస్ ప్రెసిడెంట్‌ని."

"ఓ, రెండు నిమిషాలకు ఫోన్ కట్ చెయ్యుమన్న దొరవు నువ్వేనా? మంచిగ దొరికినవ్. నీ ఇంట్ల ఎవలనన్న పాము కరిస్తే రెండు నిమిషాలల్ల చెప్పొస్తవా? మా ఆయిన కుంటుకుంట పొలం పోతుండు. సూడనీకి ఒక్కసారన్న వచ్చినవా? గిప్పుడు సేవలు ఎట్లున్నయ్ అని అడగవడ్తివి..."

ఆమె ఆపలే. ఒక్క మాట ఇరగకుంట, ఒక్క అక్షరం పోకుంట అందరికి ఇనవడ్డది. సువర్ణ గారు తల ఒంచి ఇన్నది. మమతను అడిగింది, "ఇప్పుడు ఎన్ని సెట్లు మాట్లాడుతున్నాయి?"

"శానవరకు అన్నీ మేడం. ఇయ్యాల అంగడి దినం."

అప్పుడన్న సార్ నోరు మూసుకుంటే గౌరవంగ బయటవడేది. మూసుకోలే. "నా అనుమతి లేకుండా మార్చావు. పాత సెట్టింగ్ పెట్టు. నా స్క్రీన్ నాకు కావాలి. ఇప్పుడే!"

మమత సువర్ణ గారి దిక్కు సూసింది. "పెడ్తే ఏమైతదో ఒక్కసారి సూస్తరా మేడం?"

ఆమె తల ఊపింది. మమత కీబోర్డ్ మీద చెయ్యి పెట్టింది. తెర మీద చుక్కలు ఒకటొకటిగ పచ్చగ అయ్యుడు షురూ అయినయ్. స్పీకర్ల ఐలవ్వ మాట ముక్కలైంది. "నీ ఇల్లు... కాలు... ఏళ్లు..." ఆఖరి చుక్క పచ్చగ అయ్యేవరకు గరగర తప్ప ఏం లేదు. కాల్ తెగిపోయింది.

"ఇదీ!" అని సార్ చప్పట్లు కొట్టిండు. నిజంగనే కొట్టిండు. నేను నా కండ్లతోని సూసిన.

సువర్ణ గారు ఆయన దిక్కు సూసింది. "రంగు చాలా బాగుంది సార్," అన్నది. "మనిషి మాట మాత్రం పోయింది." తర్వాత మమత దిక్కు మర్లి, "ఆమె కాల్ ముందు మళ్లీ కలపండమ్మా. తర్వాత నాకు మొదటి నుంచి చెప్పండి" అన్నది. మమత తన మార్పు మల్ల పెట్టింది. ఐలవ్వకు ఫోన్ చేసి, తెగింది మా దిక్కు నుంచే అని చెప్పింది. ఐలవ్వ ఇడిశిపెట్టిన కాడికెళ్లే మల్ల తిట్టుడు మొదలు పెట్టింది.

వారం తిరగకముందే సార్ మల్ల వచ్చిండు. ఈసారి మొకం మీద తేనె. మమత చేసిన పనికి పేటెంట్ పెడ్తున్నమని, అండ్ల మొదటి పేరు ఆయనది ఉండాలని అన్నడు. "నాయకత్వం నాదే కదా."

"పెట్టుండ్రి సార్," అన్నది మమత. "పరీక్షించెటోళ్లు అడుగుతరు. ఒక్క ముక్క చెప్పుండ్రి. తావు మారిందని టవర్ చెప్పిన మాట సెట్టుకు చేరకపోతే ఏమైతది?"

సార్ కిటికీల నుంచి బయటికి సూసిండు. "రాజేందర్, టీ చెప్పు" అన్నడు.

నేను కదలలే. చాయ్ రాలే. పేటెంట్ల ఆయన పేరు సుత రాలే.

కంపెనీ అమ్ముడువోయింది. బెంగుళూరోళ్లు మమతకు మొత్తం సాఫ్ట్‌వేర్ బాధ్యత ఇచ్చిన్రు. నర్సాపూర్‌ల రెండో టవర్ వెయ్యుమన్నరు. ఇంద్రకరణ్ సార్‌ను మర్యాదగ ఇంటికి పొమ్మన్నరు.

నర్సాపూర్‌కు సామాన్ తీసుకపోయే దినం మా జీపు మెదక్ చౌరస్త కాడ ఆగింది. రిలే దీక్షల టెంటు ముంగట జనం ఉన్నరు. మైకుల తెలిసిన గొంతు. ఇంద్రకరణ్ సార్, మెడల కండువ, దాని మీద పూలదండ. పుస్తకాల తెలుగు ఇడిశిపెట్టి మన మాట మాట్లాడవట్టిండు, అదిగూడ తప్పుల తడకగ. "తెలంగాణ కోసం నా నౌకరిని లాత్ కొట్టి వచ్చిన! పరాయి కంపెనీల ఉద్యోగం నాకొద్దు!" జనం జై కొట్టిన్రు.

నేను మమత దిక్కు సూసిన. ఆమె నవ్వలే. సమ్మెల ఆమె వాళ్ల చిన్నమ్మతోని కలిసి ఇదే టెంట్ల కూసున్నది, ఎవలకు చెప్పుకోలే.

"రాష్ట్రం వస్తది అన్నా," అన్నది. "వచ్చినంక సుత ముంగట కుర్చీల గిసొంటోళ్లే కూసుంటరేమో అని భయమైతున్నది."

టెంటు పక్కన చాప మీద కూసున్న ఒక ముసలాయన నన్ను అడిగిండు, "ఏం బిడ్డా, గాయిన నిజంగ నౌకరి ఇడిశిండా?"

"లేదు తాతా. నౌకరే గాయినను ఇడిశింది."

తాత జరసేపు మైకు దిక్కు సూసిండు. దండ ఏసినోళ్లల్ల ఆయన ఉన్నడో ఏమో, చేతులకంటిన బంతిపూల రెక్కలు దులుపుకున్నడు. 

జీపు కదిలింది. ఘనపూర్ తొవ్వ దాటినం. అడివి మొదలైనంక మమత తల బయటికి పెట్టి చెట్ల దిక్కు సూసింది. వాన వెలిసి ఆకులన్ని తడి మీద ఉన్నయ్. తడి ఆకులు సిగ్నల్‌ను ఎంత మింగుతయో, ఆ అవతల గూడాలల్ల సెట్లకు చాటింపు ఎట్ల ఇనిపియ్యాల్నో తొవ్వ పొడుగు చెప్పుకుంటనే వచ్చింది.